చేపపిల్లకు మొదటి మేత

(పాల ఉత్పత్తిదారుల సంఘాల కార్యదర్శులకు, మహిళా సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాలసంఘాల సభలో చేపల గురించి, అందునా అద్దాలపెట్టెలో పెంచుకునే రంగుచేపల గురించి మాట్లాడటానికి ఒక సహకార ఇన్‌స్పెక్టరును ఎందుకు పిలిచారా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మేము మత్స్యశాఖ వాళ్ళం కాము. మేము చదివినది సహకార డిప్లొమా. చేస్తూ వచ్చిన పని రిజిస్టర్లు తిరగవేయటం, బాకీలు లెక్కగట్టటం, మినిట్స్ పుస్తకంలో తేదీలు తప్పుంటే అభ్యంతరం రాయటం. అయితే ఈ సంవత్సరం మూడు నాలుగు సంఘాలు పాడికి అనుబంధ వృత్తిగా రంగుచేపల పెంపకానికి సభ్యురాళ్ళకు అప్పులు ఇవ్వాలని తీర్మానాలు పంపాయి. వాటి వెంట జతచేసిన అంచనా పట్టికలు చూచినప్పుడు, 2014లో మా చేతితో మేము రాసిన పట్టిక ఒకటి గుర్తుకు వచ్చింది. అందులో చేసిన తప్పే వీటిలోనూ ఉన్నది. అప్పు మంజూరు కాకముందే ఆ సంగతి చెప్పాలని అధ్యక్షుల వారిని అడిగి ఈ అరగంట తీసుకున్నాము.

రంగుచేపలకు గిరాకీ లేదని మేము అనము. చెన్నైలో కొళత్తూరు చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు ఈ చేపలను పొదిగించి, పెంచి అమ్ముకుంటూనే బతుకుతున్నాయి. కలకత్తాలో గాలిఫ్ వీధిన ఆదివారం సంతలో బుట్టలూ సంచులూ నిండా ఈ చేపలే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్లకు కూడా చోటిచ్చి, మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి 60 శాతం, ఇతరులకు 40 శాతం సహాయంగా నిర్ణయించారు. మన ఇళ్ళల్లో నీళ్ళున్నాయి, నీడ ఉన్నది, పశువుల దగ్గర పొద్దుటా సాయంత్రం ఎలాగూ ఒక మనిషి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పేడ ఉన్నది. పేడకూ చేపపిల్లకూ సంబంధమేమిటని అడగవచ్చు. ఆ సంబంధం తెలియకనే మేము ఒక ఊరిలో నష్టం తెచ్చిపెట్టాము.

అది డెల్టాలో కాలువ ఒడ్డు గ్రామం. పాలసంఘం బాగా నడుస్తున్నది. ఐదుగురు సభ్యురాళ్ళు ముందుకు వచ్చారు. ఒక్కొక్కరికి 12,000 రూపాయలు. రెండేసి సిమెంటు తొట్లు, మీద వల, చెన్నై నుండి తెప్పించిన గోల్డ్ ఫిష్ జతలు, పెద్దచేపల మేత. పట్టిక వేసింది మేమే. ఒక ఆడచేప వెయ్యి గుడ్లు పెడుతుంది, సగం పోయినా ఐదువందల పిల్లలు దక్కుతాయి, పిల్లకు ఇంత ధర అనుకుంటే నాలుగు నెలల్లో అప్పు తీరి ఇంత మిగులు. కాగితం మీద చేపలు బాగానే బతుకుతాయి.

ఆ సంవత్సరం శివరాత్రి ముందు వారంలో చేపలు గుడ్లు పెట్టాయి. తొట్టిలో వేసిన గుర్రపుడెక్క వేళ్ళకు ఆవగింజంతేసి గుడ్లు వందలుగా అతుక్కుని ఉంటే, ఊరంతా వచ్చి చూచిపోయారు. మూడో రోజుకు పిల్లలు పొదిగాయి. మేము స్వయంగా వెళ్ళి చూచి, పై అధికారులకు ‘పథకం సంతృప్తికరంగా నడుచుచున్నది’ అని రాశాము కూడా. మరో రెండు రోజులకు పిల్లలు ఈదటం మొదలుపెట్టాయి. అప్పుడు వారికి తెలిసిన మేత వారు వేశారు: జల్లించిన తవుడు, వేరుశెనగ చెక్క పొడి. పిల్లలు తినలేదు. తినలేదని మరికొంచెం వేశారు. నీళ్ళు తెల్లబడ్డాయి, తర్వాత వాసన వేశాయి. పదో రోజు ఉదయానికి నాలుగిళ్ళ తొట్లలో అడుగున సన్నటి మడ్డి తప్ప ఏమీ లేదు. అది మడ్డి కాదు, పిల్లలే.

ఐదో ఆవిడ తొట్లలో కూడా అలాగే జరిగింది. అయితే గుడ్లు పెట్టిన నాడు ఒక గుర్రపుడెక్క దుబ్బు ఎక్కువై, దానిని పారవేయటానికి మనసొప్పక, పశువుల పాక పక్కన అంచు విరిగి వాడకం మానేసిన గేదెల నీళ్ళ తొట్టిలో పడేశారట. ఆ తొట్టిలోకి పాక కడిగిన నీళ్ళు కొంచెం కొంచెంగా చేరి, నెలరోజులుగా ఎండలో నిలిచి ఉన్నవి. మేము ఇరవై రోజుల తర్వాత బాకీ సంగతి మాట్లాడటానికి వెళితే, ఆవిడ ఏమీ చెప్పకుండా అక్కడికి తీసుకువెళ్ళి చూపించారు. వడ్లగింజ పొడవు పిల్లలు, రెండువందలకు తక్కువ ఉండవు. ఒక్కరూ మేత వేయలేదు. పాత గ్లాసుతో ఆ నీళ్ళు ముంచి వెలుగుకు ఎత్తి పట్టారు. గ్లాసు నిండా గసగసాలంత పురుగులు, గంతులు వేస్తున్నట్లు కదులుతున్నవి. ‘సారూ, మీ కాగితంలో సిమెంటు రాశారు, వల రాశారు, పెద్దచేపల మేత రాశారు. పుట్టినదాని మేత ఏ పద్దులో రాశారండీ?’ అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. పట్టికలో ఆ పద్దు లేదు. తక్కిన నలుగురి బాకీ పాలబిల్లుల్లో వాయిదాల కింద కోసి వసూలు చేశాము. మరుసటి సంక్రాంతి దాకా పట్టింది. అందులో ఒకామెకు ఉన్నది ఒకే గేదె. కోత పోను పదిహేను రోజుల బిల్లులో ఆమె చేతికి వచ్చినది చూస్తే కవరు అందించటానికే కార్యదర్శి మొహమాటపడేవారు. ఆ కోతలు రాసిన రిజిస్టరు మీద తనిఖీ సంతకం మాదే. ఆ తర్వాత మేము సెలవు పెట్టుకుని కొళత్తూరు వెళ్ళాము, మత్స్యశాఖ వారిని అడిగాము, మా ఇంటి వెనుక రెండు తొట్లు పెట్టి మూడేళ్ళు చేసి చూచాము. ఇప్పుడు చెప్పేవి అలా తెలిసినవే.

గోల్డ్ ఫిష్ మన బొచ్చె, రోహు జాతులకు చుట్టమే. అయితే ఒక తేడా ఉన్నది. మన పెద్ద కార్ప్ చేపలు చెరువులో వాటంతట అవి గుడ్లు పెట్టవు. వాటికి పీయూష గ్రంథి సారం ఇంజెక్షను చేసి గుడ్లు పెట్టించే పద్ధతిని 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి గార్లు సాధించారు. అందుకే ఆ తేదీని మత్స్యరైతుల దినంగా జరుపుతున్నారు. గోల్డ్ ఫిష్‌కు అంత శ్రమ అక్కరలేదు. నీరు చల్లగా, శుభ్రంగా ఉండి, తగిన జత ఉంటే తెల్లవారుజామున అదే పెడుతుంది. మగచేపకు ఆ రోజుల్లో మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున ఉప్పురవ్వల వంటి తెల్లని చుక్కలు లేస్తాయి. కొందరు అది తెగులనుకుని మందు వేస్తారు. ఆడదానికి పొట్ట గుండ్రమవుతుంది. ఒక ఆడదానికి రెండు మగవి చొప్పున, అడుగు లోతు నీటిలో, వేళ్ళు కడిగిన గుర్రపుడెక్కతో పాటు సాయంత్రం వదలాలి. మన కోస్తా ఊళ్ళలో శివరాత్రికి ముందూ వెనకా మంచి అదను.

తొట్టి కొత్తదైతే ముందొక జాగ్రత్త. కొత్త సిమెంటు నుండి సున్నం గుణం దిగి నీరు ఘాటెక్కుతుంది, చేప తట్టుకోలేదు. అరటిబోదె ముక్కలు వేసి నీళ్ళు నింపి, మూడు నాలుగు రోజులకొకసారి పారబోస్తూ, మూడు వారాలైనా నానబెట్టాలి. పంచాయతీ కుళాయి నీరైతే బ్లీచింగు వాసన పోయేదాకా, అంటే ఒక రోజుకు తక్కువ కాకుండా, వెడల్పాటి పాత్రలో ఎండకు పెట్టి వాడాలి. పాల క్యాన్లు సోడాతో, సబ్బుపొడితో కడిగిన బకెట్టును చేపల తొట్టి దరిదాపులకు రానీయకూడదు. పాలవాళ్ళ ఇళ్ళల్లో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

గుడ్లు పడిన వెంటనే పెద్దచేపలను తీసివేయాలి. తమ గుడ్లు తామే తింటాయి. తల్లి కదా అని జాలిపడి ఉంచితే మధ్యాహ్నానికి సగం ఉండవు. మంచి గుడ్డు లేత పసుపులో, లోపలికి కనిపించేటట్లు ఉంటుంది. చెడినది రెండో రోజుకు సున్నపు చుక్కలా తెల్లబడి, దాని మీద దూది వంటి బూజు లేచి, పక్క గుడ్డుకు పాకుతుంది. అలాంటివి పట్టకారుతో ఏరివేయాలి. నీరు లేత నీలం వచ్చేటంతగా మిథిలీన్ బ్లూ కొన్ని చుక్కలు వేస్తే బూజు తగ్గుతుంది. మన వేడికి రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. చలి ఎక్కువైతే ఐదారు రోజులు పట్టవచ్చు. అన్ని గుడ్లూ పొదగవు, ఎవరి దగ్గరా పొదగవు.

ఇక అసలు సంగతి. పొదిగిన పిల్ల మొదట ఈదదు. తొట్టి గోడకో ఆకుకో చిన్న పుల్లముక్కలా అతుక్కుని ఉంటుంది. దాని పొట్ట కింద చిన్న పచ్చసొన సంచి ఉంటుంది, రెండు రోజులు దానితోనే గడుపుతుంది. ఆ రెండు రోజులూ మేత వేయకూడదు, వేస్తే కుళ్ళేది నీరే. సంచి అయిపోయి పిల్ల అడ్డంగా, స్థిరంగా ఈదటం మొదలుపెట్టిన గంట నుండి దానికి ఆకలి. అప్పుడు దాని నోరు సూదిమొన కన్నా పెద్దది కాదు. తవుడు రవ్వ దానికి బండరాయి. పైగా కదిలేదాన్ని చూచి తినటమే దాని స్వభావం. ఒకటి రెండు రోజులు తిండి అందకపోతే నీరసపడి, తర్వాత అమృతం పోసినా అందుకోలేదు.

దూడ సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. పుట్టిన గంట రెండు గంటల్లో జున్నుపాలు పట్టకపోతే ఆ దూడ తేరుకోదని మీ అందరికీ తెలుసు. గేదె ఈనే నెలలో మీరు ఆ ఏర్పాట్లన్నీ చూసుకుంటారు. అయితే దూడ అరుస్తుంది, లేచి పొదుగు వెదుక్కుంటుంది. చేపపిల్ల అరవదు. మనం చూసేసరికి అడుగున మడ్డిలా ఉంటుంది.

కనుక మేత గుడ్ల కన్నా ముందు సిద్ధం కావాలి. దీనికి రెండు రకాలు పెట్టుకోవాలి. మొదటిది కంటికి దాదాపు కనిపించని జీవులు. వీటిని ఇన్ఫ్యూసోరియా అంటారు. వెడల్పు మూతి గాజు సీసాలో చెరువు నీరు పోసి, ఒక అరటిపండు తొక్క వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, నేరుగా ఎండ తగలని వెలుగులో ఉంచాలి. కొందరు రెండు చుక్కల పాలు కూడా వేస్తారు. రెండో రోజుకు నీరు తెల్లగా మసకబారి కంపు కొడుతుంది, చెడిపోయిందని పారబోయవద్దు. నాలుగైదు రోజులకు అదే నీరు తేటపడి లేత పసుపు రంగుకు తిరుగుతుంది. వెలుగుకు పట్టి చూస్తే దుమ్ము కదిలినట్లు కనిపిస్తుంది. అదే మొదటి వారం మేత. చిన్న గిన్నెడు చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పోయాలి. చాలకపోతే ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనను గుడ్డలో కట్టి నీటిలో పిండవచ్చు. కాని బఠాణీగింజంత సొన చాలు. ఎక్కువైతే 2014 నాటి కథే మళ్ళీ.

రెండోది ఆ గేదెల తొట్టిలో మేము చూచిన నీటిపురుగు. మోయినా అనీ, డాఫ్నియా అనీ దీనిలో రకాలున్నాయి. పేడ నీటిలో పెరిగే సూక్ష్మజీవులను, ఆకుపచ్చ పాచిని తిని ఇది పెరుగుతుంది. వెయ్యి లీటర్ల తొట్టికి ఒక కిలో పచ్చి పేడ, గుప్పెడు నానిన వేరుశెనగ చెక్క గోనెగుడ్డలో మూటగట్టి వేలాడదీసి, చెరువు నుండి సన్నవలతో పట్టిన పురుగులను కొంచెం విత్తనంగా వేస్తే, వారం పది రోజుల్లో ఉదయం పూట పైకి గుంపులుగా తేలుతాయి. ఎక్కువ పేడ వేస్తే ఎక్కువ పురుగు వస్తుందని అనుకోవద్దు. నీటిలో గాలి లేక పురుగే చస్తుంది. మీద వల కప్పకపోతే దోమలు గుడ్లు పెడతాయి, తూనీగలు కూడా పెడతాయి. తూనీగ పిల్ల నీటిలో ఉన్నన్నాళ్ళూ చేపపిల్లకు యముడే. పిల్లలకు వారం దాటాక ఈ పురుగును సన్నగుడ్డతో వడగట్టి, ఒకసారి మంచినీటిలో కడిగి వేయాలి. నాలుగో వారం నుండి మెత్తని పొడిమేత అలవాటు చేయవచ్చు.

పేడ విషయంలో పాడివారు తప్పక గుర్తుంచుకోవలసినది ఒకటి ఉన్నది. 2019లో మరొక గ్రామంలో తొట్టినిండా ఉన్న పురుగు రాత్రికి రాత్రి మాయమైంది. విచారిస్తే ముందురోజు పశువులకు పిడుదులు, గోమార్లు పోవటానికి మందు పిచికారీ చేసి, పాక కడిగిన నీటిని అలవాటుగా తొట్టి వైపు మళ్ళించారని తేలింది. ఆ మందులు చేపకూ నీటిపురుగుకూ చుక్కంత చాలు. పురుగుల నివారణకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షను కూడా పేడ గుండానే చాలావరకు బయటకు వస్తుంది. ఆ ఇంజెక్షను వేసిన పశువు పేడ ఒక నెలరోజులు మేత తొట్టికి వాడవద్దు. ఏ పశువుకు ఏ తేదీన ఏ మందు వేశారో పాక గోడ మీద సుద్దతో రాసుకుంటే చాలు, దీనికి రిజిస్టరు పెట్టమని మేము అడగము.

పిల్లలకు నెల దాటాక పని తేలిక. అడుగున చేరిన మడ్డిని సన్నగొట్టంతో ఉదయాన్నే లాగివేసి, పోయిన మేరకు నిలవనీరు నెమ్మదిగా పోయాలి. ఇరుకైతే వేరే తొట్లకు పంచాలి. రంగు రాలేదని కంగారుపడవద్దు; గోల్డ్ ఫిష్ పిల్ల మొదట మట్టిరంగులోనే ఉంటుంది, రెండు మూడు నెలల నుండి బంగారు రంగు తిరుగుతుంది, కొన్నిటికి అసలు రాదు. వంకర వెన్నువి, తోక సరిగా లేనివి ముందే వేరుచేయాలి. అమ్మకానికి పంపే ముందురోజు మేత ఆపి, సంచిలో మూడోవంతు నీరు, మిగతా ఆక్సిజన్ పట్టించి పంపాలి.

మొదటిసారి చేసేవారు గోల్డ్ ఫిష్‌తో మొదలుపెట్టటం కన్నా గప్పీ, మోలీ రకాలతో మొదలుపెట్టటం మేలని మా అభిప్రాయం. ఇవి గుడ్లు పెట్టవు. పాడిభాషలో చెప్పాలంటే ఈనుతాయి. చూడి చేపకు పొట్ట వెనుక నల్లని మచ్చ ముదురుతుంది. సుమారు నాలుగు వారాలకొకసారి ఈని, పుట్టిన పిల్ల అప్పుడే ఈదుతుంది, మెత్తని పొడి కూడా తింటుంది. ఒకసారి మగదానితో కలిస్తే తర్వాతి ఈతలు కొన్ని మగది లేకుండానే వస్తాయి. నాచు దట్టంగా వేస్తే పిల్లలు తల్లి నోటికి దొరకకుండా దాక్కుంటాయి. ధర తక్కువే, కాని పిల్ల చావదు, చేయి తిరుగుతుంది. మిగిలినవాటిని మాత్రం కాలువల్లో వదలవద్దు. అవి మన నీళ్ళవి కావు.

ఇప్పుడు మీ తీర్మానాల సంగతి. వచ్చిన పట్టికలన్నీ గుడ్ల లెక్కతోనే మొదలైనవి. వాటిని తిరస్కరించమని మేము రాయలేదు, సవరించి పంపమని రాశాము. మొదటి వాయిదా తొట్లకు, మేత తొట్టికి మాత్రమే ఇవ్వాలి. తొట్లు నానటం పూర్తయి, మేత తొట్టిలో పురుగు కంటికి కనిపించాకనే చేపలు కొనే వాయిదా విడుదల చేయాలి. అలా చేస్తే మేత కుదరనివారికి నష్టం సిమెంటు ఖర్చుతో ఆగుతుంది, ఆ తొట్టిని పశువులకు వాడుకోవచ్చు. పొదిగిన పిల్లల్లో సగం కాదు, పదోవంతు దక్కుతుందని లెక్కవేసి, ఆ లెక్కకు అప్పు తీరుతుందేమో చూడండి. తీరకపోతే ఇవ్వవద్దు. తనిఖీ కూడా గుడ్లు పడిన రోజున కాక, పిల్లలు ఈదటం మొదలైన నాలుగో రోజున చేయాలి. మేము ఆనాడు ముందుగానే వెళ్ళి సంతోషపడి వచ్చాము.

వచ్చే శివరాత్రికి గుడ్లు కావాలనుకునే సంఘాలు సంక్రాంతి నాటికి తొట్లు నానబెట్టటం పూర్తిచేసుకోవాలి, శివరాత్రికి రెండు వారాల ముందు పేడ మూట కట్టాలి, వారం ముందు అరటితొక్క సీసా పెట్టాలి. సవరించిన పట్టిక నమూనా కార్యదర్శుల చేతికి ఇస్తున్నాము. అందులో మూడో పద్దు పిల్లల మేత.

ఆనాడు ఆ ప్రశ్న అడిగిన సభ్యురాలు ఈ సభకు వచ్చారు. పేరు చెప్పవద్దన్నారు కనుక చెప్పటం లేదు. వారు తమ మేత తొట్టి నీళ్ళు ఒక సీసాలో తెచ్చి అదుగో, ఆ కిటికీ దగ్గర పెట్టారు. భోజనాలకు లేచేటప్పుడు ఒక్కొక్కరుగా వెళ్ళి వెలుగుకు పట్టి చూడండి. సీసా మూత మాత్రం బిగించవద్దు.